కుక్క ఎలుకల మందు తిందా? ముందు ప్యాకెట్ వెతకండి

మీ కుక్క ఇప్పుడే ఎలుకల మందు తిని, మీరు కంగారులో ఇది చదువుతుంటే ఈ ఒక్క పేరా చాలు. నోట్లో మిగిలింది ఉంటే తీసేయండి. పాలు, మజ్జిగ, అన్నం ఏమీ పెట్టొద్దు. మందు ప్యాకెట్ రెండు వైపులా ఫొటో తీయండి, దొరికితే ప్యాకెట్‌నే కవర్లో వేసుకోండి. వెటర్నరీ డాక్టర్‌కి ఫోన్ చేస్తూనే బయల్దేరండి. మిగతాది ఆటోలో చదువుకోవచ్చు.

టెన్షన్ లేకుండా చదువుతున్నవాళ్లకి వివరంగా చెప్తాను. ఎలుకల మందు తిన్న కుక్కలు చాలావరకు ఆ రోజు మామూలుగానే ఉంటాయి. తోక ఊపుతాయి, అన్నం తింటాయి, వాకింగ్‌కి వస్తాయి. "హుషారుగానే ఉంది కదా, రేపు చూద్దాంలే" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, అక్కడే చికిత్సకి పనికొచ్చే సమయం పోతుంది. కుక్కకి ఏమైనా అయ్యిందా అని దాన్ని చూసి తేల్చుకోవద్దు. అది తిన్న మందు ఏదో చూసి తేల్చుకోండి.

ఏ మందో కనిపెట్టడం

మన షాపుల్లో ఎలుకల మందుగా అమ్మేవి ఒకదానికొకటి సంబంధం లేని విషాలు. ఒకదానికి విరుగుడు ఉంది, మరోదానికి లేదు. ఒకటి గంటలో ప్రాణం మీదికి తెస్తుంది, ఇంకోటి నాలుగు రోజులాగి తెస్తుంది. అందుకే డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న "ఏం తింది?" అని, దానికి "ఏదో ఎలుకల మందండీ, పింక్ కలర్‌లో ఉంటుంది" అనేది జవాబు కాదు. రంగు కంపెనీ ఇష్టం, ఒకే మందు నీలం, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో కూడా వస్తుంది. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో ఉండే రసాయనం పేరు, దాని పక్కన శాతం, ఈ రెండే కావాలి.

ఇళ్లల్లో, అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా పెట్టే కేకుల్లో ఉండేది బ్రోమాడియోలోన్. రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె1ని శరీరం మళ్లీ మళ్లీ వాడుకోకుండా ఇది అడ్డుపడుతుంది. ఒంట్లో అప్పటికే తయారై ఉన్న గడ్డకట్టే పదార్థాలు అయిపోయేదాకా ఏమీ తెలియదు, అవి అయిపోయాక లోపల్లోపల రక్తస్రావం మొదలవుతుంది. మామూలుగా తిన్న మూడో రోజుకీ అయిదో రోజుకీ మధ్య లక్షణాలు కనిపిస్తాయి, ఒక్కోసారి వారం కూడా పడుతుంది. కేకుల్లో మందు 0.005 శాతమే ఉంటుంది. కానీ రైతులు నూకల్లో కలపడానికి తెచ్చుకునే పొడిలో 0.25 శాతం, అంటే 50 రెట్లు ఎక్కువ. కేకు ముక్క కొరికిన కుక్కా, పొడి ప్యాకెట్ చింపి నాకిన కుక్కా ఒకటి కాదు, కాబట్టి శాతం కూడా చదివి చెప్పండి.

రెండోది జింక్ ఫాస్ఫైడ్, ముదురు బూడిద రంగు లేదా నల్లటి పొడి, వెల్లుల్లి వాసన లేదా కుళ్లిన చేప వాసన. దీనికి వ్యవధి ఇవ్వడం తెలియదు. కడుపులోని ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది, పావుగంట నుంచి నాలుగు గంటల్లోపు వాంతులు, కడుపుబ్బరం, వణుకు, ఆయాసం, ఫిట్స్ రావచ్చు. ఎలుకలు వాంతి చేసుకోలేవు, కుక్కలు చేసుకోగలవు. ఆ ఒక్క కారణంతో కొన్ని కుక్కలు బతికి బయటపడతాయి గానీ, వాంతి అయ్యింది కదా అని ఇంట్లో కూర్చోకూడదు. దీనికి విరుగుడు మందు లేదు.

మూడోది ట్యూబుల్లో వచ్చే పేస్టు, ఎల్లో ఫాస్ఫరస్. టమాటా ముక్క మీదో, బజ్జీ మీదో రాసి మూలల్లో పెడతారు, కుక్కకి బజ్జీ దొరికితే ఆగుతుందా మరి. ఇది మొదట వాంతులు తెప్పిస్తుంది, తర్వాత ఒకట్రెండు రోజులు కోలుకున్నట్టే కనిపిస్తుంది, ఆపైన లివర్ దెబ్బతిని కళ్లు, చిగుళ్లు పచ్చబడతాయి. ఆ మధ్యలో కనిపించే తేరుకోవడాన్ని అస్సలు నమ్మకండి. దీనికీ విరుగుడు లేదు. మనుషుల ప్రాణాలు కూడా ఎన్నో తీసిన మందు ఇది, ఇంట్లో ఉంటే ఈరోజే వదిలించుకోండి.

ఇక ధాన్యం నిల్వల్లోనూ పొలంలో కన్నాల్లోనూ వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు. గాలిలో తేమ తగిలినా ఇవి ఫాస్ఫీన్ వదులుతాయి. శిక్షణ, అనుమతి ఉన్నవాళ్లు మాత్రమే వాడాల్సినవి ఇవి. ఇంట్లో ఎలుకల కోసం ఎవరైనా తెచ్చిస్తామంటే కుక్క సంగతి తర్వాత, ముందు మీ పిల్లల కోసం వద్దనండి.

బస్టాండుల దగ్గర, సంతల్లో పేరూ ఊరూ లేని పొట్లాలు అమ్ముతుంటారు. అవి కొనకపోవడమే మంచిది. అప్పటికే కుక్క అది తినేసి ఉంటే మిగిలిన పొట్లం, వాంతిలో పడిన ముక్కలు ఏవి దొరికితే అవి గట్టిగా మూతపడే డబ్బాలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

మొదటి పది నిమిషాలు

కుక్కని మందు ఉన్న చోటి నుంచి లాగి వేరే గదిలో కట్టేయండి, ఇంట్లో రెండో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే వాటినీ. ఎవరు తిన్నారో ఖచ్చితంగా తెలియకపోతే అందరూ తిన్నట్టే లెక్క. చేతికి గ్లవ్స్ లేకపోతే ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని నోట్లో మిగిలింది తీసి, పెదాలు, మూతి తడిగుడ్డతో తుడవండి. కరిచే అలవాటుంటే నోట్లో చెయ్యి పెట్టొద్దు, ఆ పని డాక్టర్‌కి వదిలేయండి.

తర్వాత లెక్క. ప్యాకెట్‌లో ఎన్ని కేకులు వచ్చాయి, ఎన్ని పెట్టారు, ఎన్ని మిగిలాయి. ఎలుకలు ఎన్ని తిన్నాయో తెలియదు కాబట్టి పోయినవన్నీ కుక్కే తిందని అనుకోండి. కుక్క బరువు ఎంత, ఎన్నింటికి తిని ఉండొచ్చు, చివరిసారి మామూలుగా ఎప్పుడు చూశారు. ఇవన్నీ ఫోన్‌లో మెసేజ్‌లాగా టైప్ చేసి పెట్టుకోండి, ఆసుపత్రిలో కంగారులో నోటికి రావు.

ఫోన్ ఎవరికి? మీరు రోజూ చూపించే డాక్టర్‌కి ముందు. రాత్రిపూట ఎత్తకపోతే మీ ఊళ్లో 24 గంటలు తెరిచి ఉండే క్లినిక్ ఏదో ఇవాళే తెలుసుకుని నంబర్ సేవ్ చేసుకోండి, కుక్క ఏదో నములుతుండగా గూగుల్ చేసే పని పెట్టుకోకండి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి చుట్టుపక్కల వాళ్లకి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులు ఉన్నాయి, వాటి వేళలు ముందే కనుక్కోండి. రెండు రాష్ట్రాల్లోనూ 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనాల సేవ ఉంది, అది ప్రధానంగా గొడ్లూ గొర్రెల కోసం పెట్టింది కాబట్టి దాని మీదే ఆధారపడి కూర్చోకుండా సలహా అడుగుతూనే మీ బండి మీరు తీయండి.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక మాట. అక్కడ షాపుల్లో దొరికే ఎలుకల మందుల్లో బ్రోమెథాలిన్ అనేది ఎక్కువ, అది మెదడు మీద పనిచేస్తుంది, దానికి విటమిన్ కె1 పనికిరాదు, విరుగుడు కూడా లేదు, తిన్న తొలి గంటల్లో బయటికి తెప్పించడమే మార్గం. ఏఎస్‌పీసీఏ పాయిజన్ కంట్రోల్ 888-426-4435, పెట్ పాయిజన్ హెల్ప్‌లైన్ 855-764-7661, రెండూ రోజంతా పనిచేస్తాయి, ఫీజు తీసుకుంటాయి, అయినా చేయండి. ప్యాకెట్ మీద ఉండే ఈపీఏ (అక్కడి పర్యావరణ సంస్థ) నంబర్ చదివితే ఆ మందేదో వాళ్లు వెంటనే చెప్పగలరు.

ఇంట్లో చేయకూడని వైద్యాలు

ఇక్కడ కొంచెం గట్టిగానే చెప్తాను, ఎందుకంటే విషంతో పాటు ఈ వైద్యాలు కూడా కుక్కల ప్రాణం మీదికి తెస్తున్నాయి. పక్కింటి పిన్నిగారు ప్రేమతోనే చెప్తారు, "పాలు పట్టించమ్మా, విషం విరిగిపోతుంది" అని. ఎల్లో ఫాస్ఫరస్ కొవ్వులో కరుగుతుంది, పాలు, నెయ్యి, నూనె పడితే ఒంట్లోకి ఇంకా వేగంగా వెళ్తుంది. జింక్ ఫాస్ఫైడ్ తిన్న కుక్కకి అన్నం పెడితే కడుపులో ఆమ్లం ఊరి గ్యాస్ ఎక్కువవుతుంది. ఏ మందో తెలియనప్పుడు ఏమీ పెట్టకపోవడమే క్షేమం.

వాంతి చేయించడానికి ఉప్పునీళ్లు పోయడం చాలా ఇళ్లల్లో ఉంది. వాంతి రాకపోతే ఆ ఉప్పంతా రక్తంలోకి చేరి, విషంతో సంబంధం లేకుండా అదే ఫిట్స్ తెప్పించి చంపగలదు. కుంకుడుకాయ రసం, పేడనీళ్లు, పచ్చి గుడ్డు, చింతపండు పులుసు, గొంతులో వేళ్లు పెట్టి కెలకడం, ఇవేవీ వద్దు. కుంకుడు నురుగు ఊపిరితిత్తుల్లోకి పోతే అదో కొత్త జబ్బు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయమని ఇంటర్నెట్‌లో విదేశీ వీడియోలు చెప్తాయి. వాళ్లు చెప్పేది 3 శాతం ద్రావణం. మన మెడికల్ షాపులో పుండ్లు కడగడానికి ఇచ్చే 20 వాల్యూమ్ సీసాలో ఉండేది 6 శాతం, అదే కొలతతో పోస్తే కడుపు లోపలి పొర కాలిపోతుంది. డాక్టర్ ఫోన్‌లో ఉండి, కుక్క బరువు విని, ఇంత శాతం ఇన్ని మిల్లీలీటర్లు అని చెప్తే తప్ప ఆ సీసా ముట్టుకోవద్దు. మత్తుగా ఉన్న కుక్కకి, ఫిట్స్ వస్తున్న కుక్కకి, ఇప్పటికే వాంతులవుతున్న కుక్కకి వాంతి చేయించకూడదు. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఎక్కువ.

ఇంకోటి చాలామందికి తెలియదు. జింక్ ఫాస్ఫైడ్ తిన్న కుక్క వాంతి చేసుకుంటే ఆ వాంతిలోంచి వచ్చే ఫాస్ఫీన్ మీకూ ప్రమాదమే. కార్లో ఏసీ వేసి అద్దాలు ఎత్తుకుని వెళ్లొద్దు, అన్ని అద్దాలూ దించండి. వాంతి ఇంట్లో అయితే తలుపులు, కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి, గాలి ఆడాక శుభ్రం చేయండి. ఆసుపత్రిలో అడుగుపెట్టకముందే "జింక్ ఫాస్ఫైడ్ అనుకుంటున్నామండీ" అని చెప్పండి, వాళ్లు కుక్కని ఆరుబయట చూస్తారు.

డాక్టర్ దగ్గర

తిన్న రెండు గంటల్లోపు వెళ్తే, తిన్న మందుని బట్టి వాంతి చేయించడమో, విషాన్ని పట్టుకునే బొగ్గుపొడి, అదే యాక్టివేటెడ్ చార్‌కోల్, పట్టించడమో చేయొచ్చు. ఆలస్యమైన కొద్దీ ఇది తక్కువ పనిచేస్తుంది. జింక్ ఫాస్ఫైడ్, ఎల్లో ఫాస్ఫరస్ అయితే సెలైన్, కడుపు ఆమ్లాన్ని తగ్గించే మందులు, ఆక్సిజన్, లివర్‌కి ఆసరా, ఇలా లక్షణాలని బట్టి నడుస్తుంది, అడ్మిట్ చేయమంటే చేయండి.

బ్రోమాడియోలోన్ అయితే కథ వేరు, త్వరగా వెళ్తే చాలా మంచి ఫలితం ఉంటుంది. విరుగుడు విటమిన్ కె1. కె1 అని నొక్కి చెప్తున్నాను, ఎందుకంటే విటమిన్ కె పేరుతో దొరికే కె3 ఈ విషానికి పనికిరాదు. రాత్రిపూట మందు దొరకట్లేదని డాక్టర్ అంటే ప్రసూతి ఆసుపత్రుల దగ్గరి మెడికల్ షాపుల్లో అడగండి, పుట్టిన పిల్లలకి వేసేది ఈ కె1 ఇంజెక్షనే. తెచ్చి డాక్టర్ చేతికివ్వండి. మీరే పొడిచేయకండి, నరానికి ఇస్తే ప్రాణాంతకమైన రియాక్షన్ రావచ్చు, కండకి ఇస్తే గడ్డకట్టని రక్తం అక్కడే చేరి వాచిపోవచ్చు.

రక్తం గడ్డకట్టే సమయం చూసే పీటీ అనే పరీక్ష ఉంది. తిన్న రోజే చేయిస్తే నార్మల్ వస్తుంది, దాన్ని చూసి మోసపోవద్దు. సాధారణంగా 36 నుంచి 72 గంటల మధ్యలో తేడా బయటపడుతుంది. ఆ తేడా వచ్చేసరికి చికిత్స మొదలై ఉండాలి. ఇప్పటికే రక్తస్రావం అవుతుంటే కె1 పనిచేయడానికి గంటలు పడుతుంది, ఈలోపు ఇంకో కుక్క రక్తమో, ఆ రక్తంలోని ద్రవ భాగమైన ప్లాస్మానో ఎక్కించాల్సి రావచ్చు. తెలిసినవాళ్ల దగ్గర పెద్ద సైజు, ఆరోగ్యంగా ఉన్న, టీకాలన్నీ వేసిన కుక్క ఉంటే ఆ ఫోన్ అప్పుడే చేసుకోండి.

తినడం మీరు చూడకపోతే

అసలు చిక్కంతా ఇందులోనే. కుక్క నాలుగు రోజులుగా నీరసం, మెట్లెక్కట్లేదు, దగ్గుతోంది, ఒక కాలు కుంటుతోంది. కుంటితే కాలు బెణికిందనుకుంటాం, కీలులో రక్తం చేరి ఉంటుంది. దగ్గితే జలుబనుకుంటాం, ఛాతీలో చేరి ఉంటుంది. ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం, పొట్ట మీద నీలం మచ్చలు అన్ని కుక్కల్లోనూ కనిపించవు. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. పాలిపోయి ఉంటే అది ఎమర్జెన్సీ. నల్ల చిగుళ్ల కుక్క అయితే కింది కంటిరెప్ప లోపల చూడండి. కుక్క బాగున్నప్పుడే ఒకసారి చూసి పెట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది. గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్ కూడా ముక్కు నుంచి రక్తం, పాలిపోయిన చిగుళ్లు, నీరసంతోనే వస్తుంది, మన ఎండలకి అది చాలా మామూలు జబ్బు. డాక్టర్ మొదట దాన్నే అనుమానిస్తే తప్పు పట్టలేం. "మా వీధిలో గత వారం ఎలుకల మందు పెట్టారు" అన్న ఒక్క ముక్క మీరు చెప్తే పీటీ పరీక్ష కూడా రాస్తారు. విరేచనంలో ఆకుపచ్చ, నీలం రంగు పలుకులు కనిపించినా చెప్పండి, కేకుల్లో రంగు కలుపుతారు.

మందు కోర్సు నడుస్తున్నన్నాళ్లు

బ్రోమాడియోలోన్ ఒంట్లో వారాల తరబడి ఉంటుంది, అందుకే కె1 బిళ్లలు సాధారణంగా మూడు నాలుగు వారాలు వాడమంటారు. వారానికల్లా కుక్క గంతులేస్తుంది, బిళ్లలు ఖరీదు, ఆపేద్దామనిపిస్తుంది. ఆపితే రక్తస్రావం మళ్లీ మొదలవుతుంది. బిళ్లని కాస్త కొవ్వున్న తిండితో ఇస్తే బాగా ఒంటబడుతుంది, మొదటి రోజు వద్దన్న నెయ్యి ఇక్కడ పనికొస్తుంది. చివరి బిళ్ల వేసిన 48 నుంచి 72 గంటల తర్వాత పీటీ మళ్లీ చేయించి, అది బాగుంటేనే కోర్సు అయిపోయినట్టు.

ఈ రోజుల్లో పరుగులు, వేరే కుక్కలతో కుస్తీలు, గట్టి ఎముకలు, గోళ్లు కత్తిరించడం, ఆపరేషన్లు ఏవీ వద్దు. నొప్పికి మనం వాడే బిళ్లలు అసలే వేయకండి.

మందు కుక్క నోటిదాకా రాకుండా

కేకుని ఫ్రిజ్ వెనక తోశాం, కుక్కకి అందదు అని చాలామంది ధీమా. కేకులు పెట్టిన చోటే ఉండవు, ఎలుకలు వాటిని నోట కరుచుకుని ఎక్కడికో లాక్కెళ్తాయి, పొద్దున్న హాల్లో సోఫా పక్కన ప్రత్యక్షమవుతాయి. చేదు కలిపామని రాసి ఉన్నా లాబ్రడార్‌కి చేదు ఒక లెక్క కాదు. కుక్క ఉన్న ఇంట్లో బోను పెట్టండి, ఉల్లిపాయ పకోడీ ముక్కతో ఏ ఎలుకైనా వస్తుంది. రాత్రి కుక్క గిన్నెలో మెతుకులు వదలకండి, సగం ఎలుకలు వాటి కోసమే వస్తాయి. డ్రైనేజీ కన్నాలకి జాలీ, తలుపు కింద సందుకి రేకు.

అపార్ట్‌మెంట్ అయితే మీరొక్కరు జాగ్రత్త పడితే సరిపోదు. సెల్లార్‌లో, లిఫ్ట్ గుంత దగ్గర మందు పెట్టేది అసోసియేషన్, పెట్టిన సంగతి తెలిసేది వాచ్‌మన్‌కి ఒక్కడికే. మందు పేరు, తేదీ, పెట్టిన చోట్లు వాట్సాప్ గ్రూపులో పెట్టమని, కేకుని తీగతో బిగించి తాళం వేసే బాక్సుల్లోనే ఉంచమని అడగండి. కుక్కలంటే పడనివాళ్లు గొణుగుతారు, కిందకి ఆడుకోవడానికి దిగేది పిల్లలే కదా అంటే వింటారు. ఎవరైనా కావాలనే మందు పెట్టి కుక్కని చంపితే భారతీయ న్యాయ సంహిత 325 కింద అయిదేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం, అలాంటి అనుమానం ఉంటే పోస్ట్‌మార్టం చేయించకుండా పూడ్చకండి.

పల్లెల్లో వ్యవసాయ శాఖ సామూహిక ఎలుకల నిర్మూలన పెట్టినప్పుడు కిలో ఎరకి 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల బ్రోమాడియోలోన్ పొడి కలిపి పొట్లాలు కడతారు. నూనె వాసనకి కుక్క వెంటనే వస్తుంది. మొదటి రోజు కన్నాలన్నీ మూసి, మర్నాడు తెరుచుకున్న వాటిలోనే పొట్లం చెయ్యి పట్టినంత లోపలికి పెట్టి మట్టితో మూయాలి, గట్టు మీద విసిరేసి పోకూడదు. ఊళ్లో మందు పెట్టారని తెలిస్తే ఆ వారం పది రోజులు కుక్కని పొలానికి తీసుకెళ్లకుండా ఇంట్లో కట్టేయండి. కలిపిన గిన్నె, గరిటె మళ్లీ వంటింట్లోకి, కుక్క తిండికి వాడొద్దు.

చచ్చిన ఎలుకల్ని కుక్క తింటే విషం దానికీ ఎక్కుతుంది. ఒక్క ఎలుకతో పెద్ద కుక్కకి ముప్పు తక్కువే గానీ, రోజూ ఎలుకలు పట్టే కుక్కకి అది పేరుకుంటుంది. మందు పెట్టిన తర్వాత వారం పది రోజులు పొద్దున్నే గట్లు, సెల్లార్, పెరడు తిరిగి చచ్చిన ఎలుకల్ని పట్టకారుతోనో పారతోనో ఎత్తి, కుక్క తవ్వలేనంత లోతున, కనీసం రెండడుగులు, గొయ్యి తీసి పూడ్చి పైన రాయి పెట్టండి.